పట్టు వదలని ఇంజిన్

తెలుగు ఊళ్లలో పాత కారు కోసం పెద్దగా వెతకనక్కర్లేదు. పెంకుటింటి వెనక వసారాలోనో, రైసుమిల్లు ఆవరణలో ఊక బస్తాల పక్కనో, అపార్ట్‌మెంటు సెల్లారులో ఆఖరి స్తంభం దగ్గరో టార్పాలిన్ కప్పుకుని ఉంటుంది. ఎక్కువచోట్ల అది అంబాసిడరే, కాకుంటే ప్రీమియర్ పద్మిని. ఇంటి పెద్దాయన నడిపినన్నాళ్లూ నడిచింది, ఆయన పోయాక ఆగింది. ఏ పెళ్లి ఊరేగింపుకో, సంక్రాంతికి అమెరికా నుంచి మనవడు దిగినప్పుడో ఇంట్లోవాళ్లకు దానిమీద ఉన్నట్టుండి ప్రేమ పుట్టుకొస్తుంది. కొత్త బ్యాటరీ తెస్తారు. తాళం తిప్పితే సెల్ఫ్ ఒక్కసారి ‘టక్’మని ఊరుకుంటుంది. హ్యాండిల్ పెట్టి తిప్పబోతే గోడను తోసినట్టుంటుంది. ఇంజిన్ పట్టేసిందని మెకానిక్ తేల్చేస్తాడు. అక్కడి నుంచి అరగంటలో ట్రాక్టరు వస్తుంది, తాడు కడతారు, మూడో గేరులో వేసి లాగుతారు. ఇరవై ఏళ్లు కదలకుండా పడి ఉన్నందువల్ల ఇంజిన్‌కు జరిగే నష్టంలో చాలాభాగం సరిచేసుకోదగ్గదే. ఆ అరగంటలో జరిగేది మాత్రం అలాంటిది కాదు. పట్టేసిన ఇంజిన్ దగ్గర మొదట కావలసింది బలం కాదు, అది ఎక్కడ పట్టేసిందో, ఎందుకు పట్టేసిందో తెలుసుకోవడం. బలం వంతు చాలా ఆలస్యంగా రావాలి, వచ్చినా కొద్దిగానే రావాలి.

ఈ మాట ఊరికే అంటే చాలదు, లోపల ఏముందో చూడాలి. అంబాసిడర్‌నే తీసుకుందాం. బ్రిటన్‌లో పుట్టిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ కారును హిందుస్థాన్ మోటార్స్ 1950ల చివర్లో బెంగాల్‌లోని ఉత్తరపారాలో అంబాసిడర్ పేరుతో తయారుచేయడం మొదలుపెట్టింది. 2014 మేలో ఆ లైను ఆగిపోయింది. మధ్యలో కొన్ని దశాబ్దాలు దాన్ని లాగింది బీఎంసీ బి-సిరీస్ పెట్రోలు ఇంజిన్. 1489 సీసీ, నాలుగు సిలిండర్లు, బోరు 73 మిల్లీమీటర్లు, స్ట్రోకు సుమారు 89. బ్లాకూ హెడ్డూ పోత ఇనుము, పిస్టన్లు అల్యూమినియం, వాటి చుట్టూ ఉండే రింగులు మళ్లీ పోత ఇనుమే. పిస్టన్‌కీ సిలిండర్ గోడకీ మధ్య ఖాళీ తల వెంట్రుక మందం కూడా ఉండదు. ఆ ఖాళీలో నూనె పొర ఉన్నంతకాలం పిస్టన్ హాయిగా జారుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ నూనె కిందికి కారిపోతుంది, ఇనుము గాలికి బయటపడుతుంది. తుప్పు పడితే ఇనుము తిన్నంత చోటులోనే అది సర్దుకోదు, రెట్టింపుకు మించి చోటు అడుగుతుంది. వెంట్రుకంత ఖాళీలో అంత చోటు ఎక్కడిది? రింగుకూ గోడకూ మధ్య తుప్పు మేకులా దిగిపోతుంది. చేతికి గోడలా తగిలేదంతా నిజానికి కాగితం మందం లేని ఒక గోధుమరంగు వలయం.

మూసి ఉన్న ఇంజిన్‌లోకి తేమ ఎలా వెళ్లిందని అడగవచ్చు. ఇంజిన్ పూర్తిగా మూసి ఉండదు, అదీ సంగతి. నాలుగు సిలిండర్ల ఇంజిన్ ఆగేటప్పుడు పిస్టన్లు పైకీ కాకుండా కిందికీ కాకుండా నడిమధ్యకు దగ్గరగా ఆగడం మామూలు. ఆ స్థితిలో ఒక సిలిండర్ గాలి పీల్చే దశలో, ఇంకొకటి పొగ వదిలే దశలో ఉంటాయి. అంటే రెండింటికి వాల్వులు తెరిచే ఉన్నాయి. ఒకదానికి ఎయిర్ ఫిల్టర్ దారి, రెండోదానికి సైలెన్సర్ దారి. పగలు వేడెక్కి రాత్రి చల్లబడే ప్రతిరోజూ ఆ దారుల్లోంచి కొంత గాలి లోపలికొచ్చి, చల్లటి ఇనుము మీద చెమ్మ వదిలిపోతుంది. కాకినాడలోనో విశాఖలోనో ఆ గాలిలో ఉప్పు కూడా ఉంటుంది కాబట్టి, అక్కడ పదేళ్లు పడి ఉన్న కారూ హైదరాబాద్ సెల్లారులో పదేళ్లు ఉన్న కారూ ఒకటి కావు. దీనికి తోడు మన అలవాటొకటి ఉంది. బ్యాటరీ పోకుండా నెలకోసారి రెండు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేయడం. లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. ఇంజిన్ బాగా వేడెక్కేదాకా నడిస్తే అది బయటికి పోతుంది, రెండు నిమిషాలకే ఆపితే సిలిండర్‌లోనూ నూనెలోనూ ఉండిపోతుంది. ముద్దుగా చూసుకున్నామనుకున్న కారే ఎక్కువ తుప్పు పట్టడానికి ఇదొక కారణం. రేడియేటర్లో కూలెంటు బదులు ఏళ్ల తరబడి బోరు నీళ్లు పోయడం ఇంకొకటి, హెడ్ గాస్కెట్ ఎక్కడైనా బలహీనపడితే ఆ నీళ్లు నేరుగా సిలిండర్‌లోకి దిగుతాయి. సైలెన్సర్ గొట్టంలో కుమ్మరి పురుగు కట్టిన మట్టి గూడు చూసి విసుక్కుంటాం గానీ, పాపం అది గాలి దారి మూసి కొంత మేలే చేసి ఉంటుంది.

ఇంతకీ పట్టేసింది పిస్టనేనని ఎవరు చెప్పారు? హ్యాండిల్ తిరగలేదన్న ఒక్క గుర్తుకు కారణాలు చాలా ఉన్నాయి. సెల్ఫ్ మోటారు పళ్లచక్రం ఫ్లైవీల్ పళ్లలో ఇరుక్కుని ఉండవచ్చు. సెల్ఫ్ విప్పి పక్కన పెట్టగానే ఇంజిన్ గిర్రున తిరిగితే ఇంతసేపూ దేంతో కుస్తీ పట్టినట్టు? డైనమో బేరింగో వాటర్ పంపో బిగుసుకుని ఫ్యాన్ బెల్టు ద్వారా క్రాంక్‌ను పట్టి ఉంచవచ్చు, బెల్టు తీస్తే తేలిపోతుంది. బండి గేరులోనే ఉండిపోయి, న్యూట్రల్‌కు రాకుండా గేరు రాడ్డు మొరాయిస్తూ ఉండవచ్చు. క్లచ్ ప్లేటు ఫ్లైవీల్‌కు అంటుకుపోవడం మరీ మామూలు, అది వేరే జబ్బు, దాని మందు వేరు. సిలిండర్‌లో నీళ్లో పెట్రోలో నిండి ఉంటే ద్రవం నలగదు కాబట్టి పిస్టన్ అక్కడికొచ్చి ఆగిపోతుంది. ప్లగ్గు విప్పితే ఆ నీళ్లు చిమ్ముకుంటూ బయటికొస్తాయి, సమస్య అక్కడితో సరి. హ్యాండిల్ కొద్దిగా తిరిగి, అటూ ఇటూ ఒకే చోట ఠక్కున ఆగుతుంటే అనుమానించాల్సింది పిస్టన్‌ను కాదు, గైడులో బిగుసుకున్న వాల్వును. వీటన్నిటికీ ట్రాక్టరు ఒకే మందు వేస్తుంది.

అన్నిటికంటే విలువైన సమాచారం పానాతో దొరకదు, ఇంట్లోవాళ్లను అడిగితే దొరుకుతుంది. ఈ కారు నడుస్తూ నడుస్తూ పక్కన పెట్టిందా, లేక దారిలో ఆగిపోతే తోసుకొచ్చి పెట్టిందా? మొదటిదైతే తుప్పు. రెండోదైతే, అందునా వేడెక్కిపోయి పొగలు కక్కి ఆగిందంటే, పిస్టన్ అల్యూమినియం కరిగి గోడకు రాసుకుని ఉండవచ్చు, నూనె అందక బేరింగు క్రాంక్‌కు అతుక్కుపోయి ఉండవచ్చు. అలాంటి ఇంజిన్‌లో ఎన్ని రోజులు నూనె నానబెట్టినా లాభం లేదు, విప్పాల్సిందే. ఓపిక గురించి ఈ వ్యాసంలో చెప్పేదంతా మొదటి రకానికే వర్తిస్తుందని ఇక్కడే ఒప్పుకోవాలి.

ఇప్పుడు బలం లెక్క. బి-సిరీస్ ఇంజిన్ తన పూర్తి సత్తాతో పనిచేసినప్పుడు పుట్టించే టార్కు సుమారు 100 న్యూటన్ మీటర్లు. క్రాంక్ భుజం పొడవు స్ట్రోకులో సగం, అంటే నాలుగున్నర సెంటీమీటర్లకు కాస్త తక్కువ. పిస్టన్ నడిమధ్యలో ఉన్నప్పుడు ఆ 100 న్యూటన్ మీటర్లు పిస్టన్ దగ్గర 230 కిలోల బరువుకు సమానమవుతాయి. క్రాంక్ పుల్లీ నట్టుకు పానా తగిలించి, దానికి మీటరు పొడవు ఇనుప పైపు తొడిగి, 60 కిలోల మనిషి చివర నిలబడ్డాడనుకుందాం. దాదాపు 600 న్యూటన్ మీటర్లు. నాలుగింటిలో పట్టేసింది ఒకే పిస్టన్ అయితే ఆ బరువంతా, అంటే టన్ను పైన మరో మూడు నాలుగు వందల కిలోలు, ఆ ఒక్క పిస్టన్ మీదే పడుతుంది. ఎదురుగా నిలబడాల్సింది రెండు మూడు మిల్లీమీటర్ల మందం ఉన్న పోత ఇనుప రింగు. పోత ఇనుము వంగదు, విరుగుతుంది. రింగు తుప్పుకు అతుక్కుని కదలకపోతే, దాన్ని పట్టి ఉంచే అల్యూమినియం అంచు తెగుతుంది. బయట నిలబడ్డవాడికి మాత్రం ‘హమ్మయ్య, కదిలింది’ అనిపిస్తుంది.

ట్రాక్టరు లెక్క ఇంకో రకం. లాగేటప్పుడు ఇంజిన్‌కు చేరే బలానికి ఒక హద్దుంది, వెనక టైర్లకు నేల మీద ఉన్న పట్టుకు మించి అది పెరగదు. బురద నేలైతే చక్రాలు ఈడ్చుకుపోతాయి, గట్టి రోడ్డైతే క్లచ్ జారవచ్చు. కాబట్టి పైపు మీద నిలబడిన మనిషి కంటే ట్రాక్టరే తక్కువ బలం చూపినా ఆశ్చర్యం లేదు. అసలు ప్రమాదం అది కాదు, విడివడ్డ క్షణంలో ఆగడం దానికి రాకపోవడం. అంబాసిడర్‌ను మూడో గేరులో గంటకు పది కిలోమీటర్ల వేగంతో లాగితే ఇంజిన్ నిమిషానికి ఐదారు వందల చుట్లు తిరుగుతుంది. అంటే పట్టు వదిలిన మొదటి సెకనులోనే పిస్టన్ తొమ్మిదిసార్లు పైకీ కిందికీ వెళ్లి వస్తుంది. తుప్పు గరుకు మీదుగా, నూనె చుక్కలేని గోడల మీదుగా, ఎండిపోయిన బేరింగుల మీద. తాడు పట్టిన మనిషి ‘ఆపు’ అని అరిచేలోపు ఇంకెన్నోసార్లవుతుంది.

అలా లాగి స్టార్ట్ చేసిన బండ్లు ఎన్నో రోడ్డెక్కాయి కదా అని షెడ్డులో పెద్ద మేస్త్రీలు అంటారు. నిజమే, ఎక్కాయి. బి-సిరీస్ మొండి ఇంజిన్, చాలా ఓర్చుకుంటుంది. కానీ ఈ సాక్ష్యంలో ఒక లొసుగు ఉంది. విరిగిన రింగు ఆ రోజు తన సంగతి చెప్పుకోదు. బండి స్టార్టవుతుంది, స్వీట్లు పంచుతారు, ఫొటోలు దిగుతారు. రెండు నెలలకు నీలం పొగ మొదలవుతుంది, నూనె తాగుతుంది, ప్లగ్గు నల్లబడుతుంది. అప్పటికి దాని కారణం వయసేనంటారు. ‘పాత బండి కదండీ, మామూలే’ అన్న మాటతో విడిపించిన రోజు చేసిన తప్పు పాతదనం ఖాతాలోకి వెళ్లిపోతుంది. గెలిచిన బండ్లు కథలై తిరుగుతాయి, ఓడినవి పాత ఇనుము కొట్టుకు చేరి మాట్లాడకుండా ఉంటాయి. ఇలాంటి లెక్కతో ఏ పద్ధతైనా మంచిదేనని నిరూపించవచ్చు.

మరి ఏం చేయాలి? ముందు నాలుగు ప్లగ్గులూ విప్పాలి. అవీ మొండికేస్తే వాటి మొదళ్లలో నూనె వేసి మర్నాడు విప్పాలి. 14 మిల్లీమీటర్ల ఆ రంధ్రం ఈ రోజుల్లో కిటికీ లాంటిదే, ఫోనుకు తగిలించుకునే సన్నటి తీగ కెమెరా అందులోంచి సులువుగా దిగుతుంది. నాలుగు పిస్టన్ల తలలూ వాటిపై గోడలూ తెర మీద కనబడతాయి. రెండు సిలిండర్లు బూడిదరంగులో నిగనిగలాడుతూ, ఒకటి మరకలతో, ఒకటి ఎర్రగా పొలుసులు కట్టి కనిపిస్తే దోషి ఎవరో తెలిసిపోయినట్టే. తర్వాత వాల్వుల సంగతి. క్రాంక్ కదిలితే క్యామ్ కదులుతుంది, క్యామ్ టాపెట్ ద్వారా పుష్ రాడ్‌ను తోస్తుంది, పుష్ రాడ్ రాకర్‌ను, రాకర్ వాల్వును. ఆ వాల్వు గైడులో బిగుసుకుని ఉంటే పుష్ రాడ్ వంగుతుంది. అందుకని రాకర్లను ముందే పనిలోంచి తప్పించడం మంచిది. అయితే బి-సిరీస్‌లో ఇక్కడొక మెలిక ఉంది. రాకర్ షాఫ్టును పట్టి ఉంచే నట్లలో నాలుగు హెడ్‌ను కూడా పట్టి ఉంచుతాయి. మిగతా హెడ్ నట్లను ముట్టుకోకుండా ఆ నాలుగింటినే విప్పితే హెడ్ ఒక పక్కకు లాగినట్టై వంకర పోవచ్చు, గాస్కెట్ సందులోంచి నీళ్లు సిలిండర్లలోకి దిగవచ్చు. కాబట్టి రేడియేటర్ నీళ్లు ముందు వదిలేసి, హెడ్ నట్లన్నీ వరసలో కొద్దికొద్దిగా సడలించాలి. అంత పని వద్దనుకుంటే ఇంకో దారి. ఒక్కో రాకర్ టాపెట్ స్క్రూను పూర్తిగా వదులు చేసి, రాకర్‌ను షాఫ్టు మీదే స్ప్రింగుకు ఎదురుగా పక్కకు జరిపి, పుష్ రాడ్‌ను మెల్లగా మెలితిప్పుతూ పైకి తీయాలి. మెలితిప్పకుండా లాగితే జిడ్డు నూనెకు అంటుకున్న టాపెట్ కూడా పైకి లేచి తన గూటిలోంచి తప్పుకుంటుంది, దాన్ని మళ్లీ కూర్చోబెట్టడానికి బ్లాకు పక్కనున్న రేకు మూతలు విప్పాల్సి వస్తుంది. తీసిన పుష్ రాడ్లను అట్టముక్కకు ఎనిమిది కన్నాలు పెట్టి అదే వరసలో గుచ్చి ఉంచుతారు తెలిసినవాళ్లు. ఏళ్ల తరబడి దేనికి దానికి అరిగిన జతలవి, కలిపేస్తే మళ్లీ ఒరిపిడి మొదటికొస్తుంది.

ఆ తర్వాత నానబెట్టడం. డీజిల్, కిరసనాయిలు, దుకాణంలో దొరికే తుప్పు వదిలించే నూనెలు, ఆటోమేటిక్ గేర్‌బాక్సు నూనెలో సగం అసిటోన్ కలిపిన మిశ్రమం. ఇందులో ఏది గొప్పదన్న చర్చకు అంతులేదు. నా ఉద్దేశంలో అది పక్కదారి. తేడా ఉంటే ఉండవచ్చు గానీ, ఏ నూనెకైనా అసలు పనిముట్టు కాలమే. అసిటోన్ మిశ్రమం సన్నటి సందుల్లోకి బాగా పాకుతుంది, కానీ ఆ రెండూ సరిగా కలవవు, కాసేపటికి విడిపోతాయి. రంగును తినేస్తుంది, నిప్పుకు క్షణంలో అంటుకుంటుంది. గాలి ఆడని సెల్లారులో దాని జోలికి పోకపోవడమే మేలు. ఒక్కో సిలిండర్‌లో యాభై మిల్లీలీటర్లు పోస్తే పిస్టన్ తల మీద సెంటీమీటరు ఎత్తున నిలుస్తుంది. మర్నాడు చూస్తే కొన్నింటిలో మట్టం తగ్గి ఉంటుంది, ఒకదానిలో అలాగే ఉంటుంది. దిగినచోట దారి ఉంది, దిగనిచోట తుప్పు దారి మూసింది. దిగిపోయినచోట మళ్లీ పోయాలి. రోజులు కాదు, వారాలు పట్టవచ్చు. పెళ్లి ముహూర్తం పెట్టుకుని ఈ పని మొదలెట్టేవాళ్లు అందుకే ట్రాక్టరు దాకా వెళ్తారు.

వేడి సాయం చేస్తుంది, అయితే జనం అనుకునే తీరులో కాదు. వేడిచేస్తే వదులవుతుందన్నది బయటి ఇనుప నట్టుకు నిజం. ఇక్కడ లోపలిది అల్యూమినియం, బయటిది పోత ఇనుము. అల్యూమినియం ఇనుముకు రెట్టింపు వ్యాకోచిస్తుంది. ముప్పై డిగ్రీల నుంచి తొంభైకి వేడెక్కితే 73 మిల్లీమీటర్ల పిస్టన్ తన సిలిండర్ కంటే మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు అదనంగా ఉబ్బుతుంది, అంటే మరింత బిగుస్తుంది. ఆ బిగువులో తుప్పు పొర నలుగుతుంది. చల్లబడ్డప్పుడు పిస్టన్ మళ్లీ చిక్కి, నలిగిన పొరల మధ్య సందుల్లోకి నూనె పీల్చుకుపోతుంది. కాబట్టి రేడియేటర్ దారిలో ముందు గోరువెచ్చటి నీళ్లు, తర్వాత వేడినీళ్లు పోసి బ్లాకును వేడిచేయడం మంచి ఉపాయమే. కానీ తిప్పి చూడాల్సింది వేడి మీద కాదు, చల్లారాక. పైగా ఒక్కసారితో సరిపెట్టకుండా వేడీ చల్లా మార్చిమార్చి ఇవ్వాలి.

తిప్పేటప్పుడు పుల్లీ మీద సుద్దతో ఒక గీత, ఎదురుగా టైమింగ్ కవరు మీద ఇంకో గీత పెట్టుకోవాలి. గీత రెండు మిల్లీమీటర్లు జరిగిందంటే కంటికి తెలుస్తుంది, చేతికి తెలియదు. జరిగినంత మళ్లీ వెనక్కి తిప్పాలి. ముందుకూ వెనక్కూ, మధ్యమధ్యలో నూనె. ముందుకే తోయాలన్న ఆత్రం ఎందుకు ప్రమాదమంటే, పిస్టన్ ఆగిన చోటికి పైనున్న గోడే ఎక్కువ తుప్పు పట్టి ఉంటుంది. పిస్టన్ కింద ఉన్న గోడకు అడుగున నూనె ఉండే చాంబరులోంచి ఆవిరైనా తగిలి ఉంటుంది, పైదానికి ఏ రక్షణా లేదు. పైకి వెళ్లే రింగు ఆ పొలుసుల్లోంచి దూసుకుపోవాలి. రింగు విరిగేది చాలాసార్లు పట్టు వదిలిన చోట కాదు, అక్కడికి కాస్త పైన. ఎదురు తగిలిన చోట ఆగి, కెమెరాతో చూసి, తుప్పు మందంగా ఉందనిపిస్తే ఇక తిప్పడం మానేసి హెడ్ లేపడమే సరైన నిర్ణయం.

ఇక్కడే రెండో అభ్యంతరం ఎదురవుతుంది. ఎలాగూ హెడ్ లేపాల్సి రావచ్చంటున్నారు కదా, మొదటిరోజే లేపేస్తే పోలా? ఈ మాటలో బలముంది. గాస్కెట్ దొరికితే, పని తెలిసినవాడుంటే, సముద్రపు గాలికి పదేళ్లున్న బండైతే నేరుగా హెడ్ లేపడం తప్పేమీ కాదు. నాలుగు బోర్లూ కళ్లెదుట ఉంటాయి, పై తుప్పును ఎమరీతో శుభ్రం చేసి, బోరుకు సరిపడా గట్టి కలప ముక్క పెట్టి సుత్తితో మెల్లగా తట్టవచ్చు. పిస్టన్ తల మీద నేరుగా సుత్తి దెబ్బ మాత్రం పడకూడదు. కానీ హెడ్ కూడా తుప్పు పట్టిన వస్తువేనని మరిచిపోకూడదు. స్టడ్లు హెడ్ కన్నాల్లో బిగుసుకుని ఉంటాయి. పద్మినిలాంటి ఫియట్ ఇంజిన్లలో హెడ్ అల్యూమినియం, స్టడ్లు ఉక్కు. రెండు లోహాల మధ్య నీళ్లు చేరితే తెల్లటి పొడి పేరుకుని సిమెంటులా పట్టేస్తుంది. స్క్రూడ్రైవర్ దూర్చి పైకి పెకలిస్తే హెడ్ ముఖం మీద గీతలు పడతాయి, స్టడ్డు తెగితే పని పిస్టన్ నుంచి లేత్ షాపుకు మారుతుంది. అంటే హెడ్‌కూ నానే కాలం కావాలి. ఎటూ నానబెట్టాలి కాబట్టి ఆ వారాలు సిలిండర్లలోనూ నూనె ఉంటే పోయేదేమీ లేదు. డీజిల్ అంబాసిడర్ సంగతి కొంచెం వేరు. ప్లగ్గుల బదులు ఇంజెక్టర్లు విప్పాలి, అక్కడి సన్నటి దారిలో నూనె మెల్లగా దిగుతుంది, పిస్టన్ పైకి వచ్చినప్పుడు వాల్వుకూ దానికీ మధ్య ఎడం చాలా తక్కువ. తెరుచుకుని బిగుసుకున్న వాల్వు అక్కడ పుష్ రాడ్‌తో సరిపెట్టదు, పిస్టన్‌నే గుద్దుకుంటుంది. డీజిల్‌కు ముందుగా హెడ్ లేపడమే మేలని నేనూ అంటాను.

గ్రీజు గన్ ఉపాయాన్ని మెచ్చుకునేవాళ్లున్నారు. ప్లగ్గు రంధ్రంలో గొట్టం బిగించి, వాల్వులు మూసి ఉండేలా చూసి, గ్రీజు ఎక్కిస్తే పిస్టన్ కిందికి జరుగుతుంది. సుత్తి దెబ్బ లేకుండా తల మొత్తం మీద సమానంగా తోసే పద్ధతి ఇది, ఆ మేరకు మంచిదే. అయితే 73 మిల్లీమీటర్ల బోరు వైశాల్యం 42 చదరపు సెంటీమీటర్లు. చదరపు సెంటీమీటరుకు వంద కిలోల ఒత్తిడి చేతి గ్రీజు గన్‌కు కష్టమేమీ కాదు, అంటే నాలుగు టన్నుల పైమాటే. నడిచే రోజుల్లో ఈ ఇంజిన్‌లో పెట్రోలు మండినప్పుడు పుట్టే ఒత్తిడి అందులో సగం కూడా దాటదు. గన్ పిడి చేతికి తేలిగ్గా ఆడుతుంటే లోపల ఏ బరువు పడుతోందో తెలియదు. వారాలు నానాక, ఒకే పిస్టన్ మొండికేసిందని రూఢి అయ్యాక మాత్రమే ఇది చేతికి రావాలి.

అసలింత తంటా దేనికి, ఇంకో ఇంజిన్ దించేస్తే పోదా అన్నది మూడో అభ్యంతరం. రోజూ తిప్పే టాక్సీకి ఈ మాట నూటికి నూరుపాళ్లు సబబు. 1990ల్లో కంపెనీయే 1817 సీసీ ఇసుజు ఇంజిన్‌ను అంబాసిడర్‌లో పెట్టి అమ్మింది, పాత బండ్లలో దాన్ని దించుకున్నవాళ్లూ ఉన్నారు. ఆర్‌సీ పుస్తకంలో ఇంజిన్ నంబరు ఉంటుంది కాబట్టి మార్పు నమోదు చేయించుకుంటే చట్టపరంగా ఇబ్బంది లేదు. కానీ పాతది పాతదిగా ఉంచుకోవాలనుకునేవాళ్లకు లెక్క మారింది. 2021 జులైలో కేంద్ర రవాణా శాఖ వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న వాహనానికి ‘వీఏ’ అక్షరాలతో నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది, తర్వాత పునరుద్ధరణకు 5,000. రోజువారీ వాడకానికీ కిరాయికీ పనికిరాదు, ప్రదర్శనలకూ ర్యాలీలకూ ఇంధనం, మరమ్మతుల కోసమూ రోడ్డెక్కవచ్చు. షరతు ఏమిటంటే చాసీలో, బాడీలో, ఇంజిన్‌లో పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. 1970ల మొదట్లో రిజిస్టరైన అంబాసిడర్లు ఇప్పుడు ఆ వయసుకు వచ్చేశాయి. వాటి బానెట్ కింద ఉన్న తుప్పు దిమ్మకు పాత ఇనుము ధర కంటే ఎక్కువ విలువ ఉందని ట్రాక్టరు పిలిచేముందు గుర్తుంటే బాగుంటుంది.

ఇక, విడివడ్డ ఇంజిన్ బాగుపడ్డ ఇంజిన్ కాదు. ఒక పూర్తి చుట్టు తిరగ్గానే బ్యాటరీ తగిలించి స్టార్ట్ చేయాలన్న ఉబలాటం అందరికీ ఉంటుంది. వారాలుగా పోసిన డీజిలూ నూనెలూ రింగుల పక్కనుంచి కారి చాంబరులో చేరి ఉంటాయి, పల్చబడ్డ ఆ నూనె బేరింగును కాపాడలేదు. దాన్ని వదిలేసి, వీలైతే చాంబరే విప్పి అడుగున పేరుకున్న నల్లటి మడ్డిని తీసేసి కొత్త నూనె పోయాలి. మడ్డి ఉన్నచోటే కొత్త నూనె పోస్తే అది కరిగి నేరుగా ఆయిల్ పంపు జాలీకి అడ్డం పడుతుంది. బి-సిరీస్‌లో ఆయిల్ పంపును క్యామ్ షాఫ్టు తిప్పుతుంది, కాబట్టి ఇంజిన్ తిరిగితేనే నూనె పైకి ఎక్కుతుంది. ప్లగ్గులు లేకుండా, పెట్రోలు అందకుండా, రాకర్ల దాకా నూనె వచ్చేవరకు సెల్ఫ్‌తో విడతలు విడతలుగా తిప్పాలి. ప్లగ్గుల కన్నాల్లోంచి మిగిలిన నూనె చిమ్ముతుంది, వాటి మీద గుడ్డ కప్పి దగ్గర్లో ఇగ్నిషన్ వైరు నిప్పురవ్వ లేకుండా చూడాలి. ఆ తర్వాత కంప్రెషన్ కొలిచి చూస్తే నాలుగు సిలిండర్ల కథా బయటపడుతుంది. ఒకటి మిగతావాటికంటే బాగా తక్కువ చూపిస్తే అందులో చెంచాడు నూనె వేసి మళ్లీ కొలవాలి. రీడింగు పెరిగితే లోపం రింగులది, పెరగకపోతే వాల్వుది. వాల్వైతే హెడ్ దాకా పని. రింగులైతే కొంతకాలం తక్కువ వేగంతో నడిపి మళ్లీ కొలవవచ్చు, గాడిలో బిగుసుకున్న రింగు వేడికీ కొత్త నూనెకూ సడలి కొన్నిసార్లు తనంతట తానే కోలుకుంటుంది. కోలుకోకపోతే బోరు చేయించి ఓవర్‌సైజు పిస్టన్లు వేయడమే. ట్యాంకులో గడ్డకట్టిన పాత పెట్రోలునూ పెళుసెక్కిన రబ్బరు గొట్టాలనూ అప్పటికే తీసేసి ఉండాలి. ఇప్పుడు బంకుల్లో దొరికే ఇథనాల్ కలిసిన పెట్రోలు ఆ పాత రబ్బరును ఇంకా త్వరగా తినేస్తుంది. ఇన్నీ అయ్యాక స్టార్ట్ చేసి, ఆయిల్ ప్రెషర్ ముల్లు లేచిందో లేదో చూసి, ఇంజిన్ బాగా వేడెక్కేదాకా నడిపి ఆపాలి. అప్పుడు పోసిన నూనె కూడా లోపలి తుప్పు పొడితో నల్లబడి ఉంటుంది కాబట్టి, కొద్ది కిలోమీటర్లకే దాన్నీ ఫిల్టర్‌నూ మార్చి, హెడ్ విప్పి ఉంటే దాని నట్లను మరోసారి బిగించుకోవాలి.